మావయ్యకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. మాది కాకినాడ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. భార్య, రెండేళ్ళ పాప ఉన్నారు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాన్నగారి చేతిలో డబ్బు ఆడకపోతే రెండేళ్ళ ఫీజు మా మేనమామ కట్టారు. ఇప్పుడు ఆయన అబ్బాయి, నాకు వరుసకు బావ, రొయ్యల మేత డీలర్‌షిప్ కోసం బ్యాంకులో 12 లక్షల అప్పు తీసుకుంటూ నన్ను ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నాడు. మేము వచ్చే ఏడాది ఫ్లాటు కొనాలనుకుంటున్నాం. నా పొదుపు మూడు లక్షల దాకా ఉంది. "మావయ్య మాట తీసేస్తావా?" అంటుంది అమ్మ. మా ఆవిడ ఏమీ అనడం లేదు గానీ సరిగ్గా నిద్రపోవడం లేదు. ముప్పయ్యో పడిలో పడ్డాక ప్రతి నిర్ణయమూ ఇలాగే ఉంటుందా మేడమ్? మీరు ఈ వయసు దాటి వచ్చినవారు. ఆ పదేళ్ళలో మీరేం నేర్చుకున్నారో చెబితే నాకు దారి కనిపిస్తుందేమోనని రాస్తున్నాను.

సమాధానం: ముందు సూటిగా చెప్పవలసినది చెబుతాను. సంతకం పెట్టకండి. ఎందుకు పెట్టకూడదో, ఆ మాట మావయ్యగారికి ఎలా చెప్పాలో తర్వాత రాస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అప్పు సంగతి కాదు, మీ ఆవిడ నిద్రపోవడం లేదన్న వాక్యం. మీరు, మీ భార్య, మీ అమ్మగారు, మావయ్యగారు, ఈ నలుగురిలో ఒక్కరైనా తమ మనసులో ఉన్నది ఎదుటివారికి చెప్పినట్టు నాకు కనిపించలేదు. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు మొహమాటం. నా ముప్పయ్యో పడిలో డబ్బు గురించి, ఒంటి గురించి, పుట్టింటి గురించి నేను నేర్చుకున్నదంతా వెనక్కి లాగి చూస్తే దీని దగ్గరికే వచ్చి ఆగుతుంది. దీని మీద ఒక మోటు సామెత కూడా ఉంది. ఇక్కడ రాయదగినది కాదు గనక మీ ఊళ్ళో పెద్దవాళ్ళనెవరినైనా అడిగి తెలుసుకోండి.

ఇరవైల్లోనూ మొహమాటపడతాం. అయితే అప్పుడు పోయేది సినిమా టికెట్టు డబ్బులో, ఒక ఆదివారమో, మహా అయితే ఒక సెల్‌ఫోనో. పైగా ఆ లోటు పూడ్చడానికి వెనక నాన్న ఉంటారు. ముప్పై దాటేసరికి మన సంతకానికి విలువ వస్తుంది. నెలనెలా జీతం పడే ఖాతా, వంక పెట్టడానికి వీల్లేని క్రెడిట్ స్కోరు, ఉద్యోగం వదిలి పారిపోలేని సంసారం, ఈ మూడూ ఉన్నవాడి కోసమే బ్యాంకులూ బంధువులూ వెతుకుతారు. మిమ్మల్ని ఇప్పుడు అడుగుతున్నారంటే కారణం అదే, మీరు మంచివారు కావడం ఒక్కటే కాదు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని. 2004లో, నాకు 33 ఏళ్ళున్నప్పుడు, మా బడిలోనే పనిచేసే ఒక మాస్టారు రెండు లక్షల చీటీ ఆరో నెలలో పాడుకున్నారు. నెలకు అయిదు వేల చొప్పున 40 నెలల చీటీ అది. పాడుకున్న సొమ్ము చేతికి రావాలంటే జామీనుదారులను చూపించాలి, అందులోనూ ప్రభుత్వోద్యోగి జీతం సర్టిఫికెట్ అంటే చీటీలవాళ్ళకు కుదువపెట్టిన బంగారం కంటే నమ్మకం. మధ్యాహ్నం భోజనాలవేళ, స్టాఫ్‌రూములో అందరూ చూస్తుండగా, ఆయన ఆ కాగితం తెచ్చి నా క్యారియర్ పక్కన పెట్టారు. నేను పెరుగన్నం చెయ్యి కడుక్కుని వచ్చి మరీ సంతకం చేశాను. చదవలేదు. చదివితే ఆయన చిన్నబుచ్చుకుంటారని అనిపించింది.

ఆయన 14వ నెల దాకా కట్టి ఆపేశారు. మిగిలిన 26 వాయిదాలకు లెక్క లక్షా ముప్పై వేలు. ఆయన జీతం మీద అప్పటికే వేరే బాకీల తాలూకు రెండు జప్తులు నడుస్తున్నాయన్న సంగతి నాకు నోటీసు వచ్చాక తెలిసింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి జీతంలో మొదటి వెయ్యి రూపాయలనూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులనూ ముట్టుకోకూడదు. తక్కిన దాన్ని జప్తు చేయవచ్చు, అదీ ఒకే కోర్టు తీర్పు (డిక్రీ) కింద 24 నెలలకు మించకుండా. దాంతో కోత నా జీతం మీద పడింది. నా జీతం పదివేలు. వెయ్యి తీసేస్తే తొమ్మిది వేలు, అందులో మూడో వంతు మూడు వేలు, ఇరవై నాలుగు నెలలకు డెబ్భై రెండు వేలు. ఈ లెక్క మా తొమ్మిదో తరగతి పిల్లలకిస్తే గంట కొట్టేలోపు చేసి చూపించేవారు. నేను మాత్రం సంతకం పెట్టే ముందు వేసుకోలేదు. మిగిలిన బాకీని రెండో జామీనుదారు కట్టారు. ఆయనకు అప్పటికి పదవీవిరమణ ఏడాదిలో ఉంది.

ఆ రెండేళ్ళూ మా ఇంట్లో పాలు లీటరు నుంచి అర లీటరుకు దిగాయి. దానికి ఎలాగో అలవాటు పడ్డాం. సర్దుకోవడానికి ఎక్కువ కాలం పట్టినది వేరే ఉంది. సంతకం పెట్టిన విషయం మావారికి నేను చెప్పనే లేదు. నోటీసు ఆయన చేతికే అందింది. డబ్బు పోయిందని ఆయన ఒక్కమాట కూడా అనలేదు. "అన్ని నెలలు నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు, ఒక్క రోజు కూడా నోటికి రాలేదా?" అన్నారు. మీ ఆవిడ మౌనం గురించి చదివినప్పుడు నాకు ఆ మాటే వినిపించింది.

ఇక మీ విషయంలో చట్టం ఏమంటుందో చూడండి. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సరిసమానం. ముందు బావను అడిగి, అతని ఆస్తి వేలం వేసి, చాలకపోతే అప్పుడు మీ గుమ్మానికి వస్తారని మీరూ మీ అమ్మగారూ అనుకుంటూ ఉంటారు, చాలామంది అలాగే అనుకుంటారు. బ్యాంకుకు ఆ వరుస పాటించవలసిన అవసరం లేదు. బావ వాయిదాలు తప్పితే నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. ఆ హామీ మీ క్రెడిట్ రిపోర్టులోనూ కనిపిస్తుంది గనక రేపు ఫ్లాటు కోసం వెళితే మీకు ఎంత అప్పు ఇవ్వవచ్చో తేల్చేటప్పుడు దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. ఇచ్చేసిన అప్పు మీద పెట్టిన హామీని, తర్వాత మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. మీరు కట్టిన సొమ్మును బావ నుంచి రాబట్టుకొనే హక్కు చట్టం మీకు ఇస్తుంది, నిజమే. మావయ్య కొడుకు మీద దావా వేయడానికి చెల్లే మొహం, ఇవాళ కాదని చెప్పడానికి చెల్లదా?

అలవాటు కొద్దీ నేను మీకోసం ఒక లెక్క వేశాను. ఫ్లాటుకు 40 లక్షలు 20 ఏళ్ళకు తీసుకుంటే, 9 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు కట్టవలసినది 36 వేలు, మొదటి నెల అందులో 30 వేలు వడ్డీకే పోతాయి. బావ తీసుకునే 12 లక్షలు అయిదేళ్ళకు, 11 శాతం అనుకుంటే, నెలకు 26 వేలు. రెండూ కలిపి 62 వేలు. ఆ అంకెను ఒక కాగితం మీద వేసి, దాని పక్కన మీ జీతం రాసి చూడండి. బావ మోసగాడని నేను అనడం లేదు. రొయ్యల మేత వ్యాపారమే అరువు మీద నడుస్తుంది. రైతు చెరువు వేసినప్పుడు మేత తీసుకుని, రొయ్యలు పట్టి అమ్మాక డబ్బు కడతాడు. మధ్యలో తెల్లమచ్చ వైరస్ తగిలినా, ధర పడిపోయినా, డీలరుకు రావలసిన బాకీ చెరువులోనే ఉండిపోతుంది. ఎంత నిజాయతీ ఉన్నవాడికైనా ఆ నెల బ్యాంకుకు కట్టడానికి చేతిలో ఏమీ ఉండదు.

మొహమాటం పరాయివాళ్ళ దగ్గర కంటే సొంత ఇంట్లోనే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుందని నాకు 2007లో, నాన్నగారు పోయినప్పుడు, అర్థమైంది. మాది తెనాలి దగ్గర పల్లె. ఇనప్పెట్టె తీస్తే ఏడు ప్రామిసరీ నోట్లు బయటపడ్డాయి. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళ లోపు అవతలివారు కొంత సొమ్ము కట్టి నోటు వెనక సంతకంతో చెల్లు వేస్తే మళ్ళీ మూడేళ్ళ గడువు వస్తుంది, వేయకపోతే కాలదోషం పడుతుంది, అంటే ఆ నోటు మీద ఇక దావా చెల్లదు. ఏడింటిలో అయిదింటికి కాలదోషం పట్టింది. ఆ అయిదుగురూ రోజూ మా అరుగు మీద ఆయనతో కాఫీ తాగినవాళ్ళే. చెల్లు వెయ్యమంటే నమ్మకం లేదనుకుంటారని ఆయన మొహమాటపడ్డారు. "కాగితాలు ఎక్కడున్నాయి నాన్నా" అని అడిగితే ఆయన చావు కోసం కాచుక్కూర్చున్నాననుకుంటారని నేను మొహమాటపడ్డాను. అయిదుగురిలో ఇద్దరు గడువు దాటినా తెచ్చి కట్టారు, ఒకాయన అమ్మ చేతిలో డబ్బు పెడుతూ ఏడ్చారు. ముగ్గురు ఇప్పటికీ నన్ను చూస్తే పక్క సందులోకి తిరుగుతారు.

బ్యాంకు డిపాజిట్‌కు తమ్ముడు నామినీ. కాబట్టి అది తమ్ముడిదే అని మేమంతా అనుకున్నాం. నామినీ బ్యాంకు నుంచి సొమ్ము అందుకునేవాడు మాత్రమే, సొంతదారు వారసులు. వీలునామా రాయకుండా హిందూ పురుషుడు చనిపోతే అతని స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి సమాన వాటాలుగా వెళుతుంది. మా నాయనమ్మ అప్పటికి బతికే ఉంది. ఆవిడకూ వాటా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ, ఆవిడతో సహా, తెలియదు. పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడు హక్కు విడుదల పత్రం రాయించి తెచ్చాడు. ఆడపిల్లలు సంతకం పెట్టడమే ఆనవాయితీ గనక వాడికి అందులో తప్పేమీ కనిపించలేదు. ఈసారి నేను చదివాను. చదివి, నెల రోజులు గడువు అడిగాను. పొలంలో నా వాటా వదులుకుంటానని, ఇల్లు మాత్రం అమ్మ పేరు మీదకు మారాలని చెప్పాను. ఆ నెలంతా వాడు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. ఇన్నేళ్ళుగా సంక్రాంతికి ఆ ఇంట్లోనే కలుస్తున్నాం.

మీ ఉత్తరంలో ఫీజు ప్రస్తావన దగ్గర తప్ప నాన్నగారు కనిపించలేదు. ఆయన కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరికైనా ఇచ్చారో, ఎవరికైనా ఇవ్వాలో ఈ పనిలో పనిగా అడిగి తెలుసుకోండి. వీలునామా తెల్లకాగితం మీద రాసినా ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ పీఎఫ్ ఖాతాకు పెళ్ళయ్యాక నామినేషన్ కొత్తగా వేశారా? వేసి ఉండరని నా అనుమానం.

ఒంటి సంగతి క్లుప్తంగా చెబుతాను. 38 ఏళ్ళ వయసులో, రెండేళ్ళ పాటు, నెలసరి విపరీతంగా అవుతున్నా నేను ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు ఖాతాలో వేశాను. ఒకరోజు తరగతిలో బోర్డు ముందే కళ్ళు తిరిగి కూర్చుండిపోతే పరీక్ష చేయించారు, హిమోగ్లోబిన్ 7 ఉంది. ఆడవాళ్ళకు 12కు తగ్గకూడదు, 8కి దిగువన ఉంటే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. "ఇన్నాళ్ళు ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?" అని డాక్టరు గారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మగవారికి ఈ జబ్బు వేరే రూపంలో ఉంటుంది, "నాకేంటి, రాయిలా ఉన్నాను" అంటారు. 30 దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు చేయడం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మంచిది, 100 నుంచి 125 హెచ్చరిక, 126, అంతకు మించి రెండుసార్లు వస్తే మధుమేహమే. బీపీ 140/90 దాటుతూ ఉంటే డాక్టరును కలవాలి. నిద్రపోని ఆవిడను కూడా వెంట తీసుకువెళ్ళండి.

ఇక్కడిదాకా చదివి, మొహమాటం వదిలేస్తే చాలు, అన్నీ చక్కబడతాయని మీరు అనుకుంటే నేను సగమే చెప్పినట్టు. జీతంలో కోత నడుస్తున్న రోజుల్లో, 2006లో, మా పిన్ని ఫోన్ చేసి బాబాయి ఆపరేషన్‌కు ఇరవై వేలు అడిగింది. మాస్టారి మీద ఉన్న కసి అంతా అప్పుడు నా గొంతులోకి వచ్చింది. "మొహమాటపడే రోజులు పోయాయి పిన్నీ, ఇక ఎవరికీ ఏమీ ఇవ్వదలచుకోలేదు" అన్నాను. నా దగ్గర ఇరవై వేలు లేని మాట నిజం. అయిదు వేలు ఉన్న మాటా నిజమే. అవి ఇచ్చి ఉండవచ్చు, అవీ లేకపోతే ఆసుపత్రి వరండాలో ఒక రాత్రి ఆవిడ పక్కన కూర్చుని ఉండవచ్చు. బాబాయి కోలుకున్నాడు. చిన్నప్పుడు నాకు జడలు వేసిన పిన్ని ఆనాటి నుంచి నన్ను "మీరు" అనడం మొదలుపెట్టింది. 2011లో పోయేదాకా మళ్ళీ "నువ్వు" అనలేదు. చీటీలో పోయిన 72 వేలు ఎప్పుడో మరిచిపోయాను.

మొహమాటాన్ని మొగమాటం అని కూడా అంటారు, మొగం అంటే ముఖం. మాటలోనే ఎదుటివారి ముఖం ఉంది, అందుకే దాన్ని పూర్తిగా చెడ్డగుణం అనలేను. అవతలి మనిషి నొచ్చుకుంటాడేమో అన్న చింత లేనివాడితో సంసారం చేయడం కష్టం. తేడా వచ్చేది ఎక్కడంటే, ఆ ముఖాన్ని చూడలేక మనం కాగితం మీద సంతకం పెట్టేసి తప్పించుకుంటాం, లేదా నాలాగా ఫోన్లో గొంతు పెంచి తప్పించుకుంటాం. రెండింటిలోనూ ఎదురుగా కూర్చోవడం లేదు. మీరు వెళ్ళి కూర్చోండి.

బ్యాంకులో కాగితాలు సిద్ధం కాకముందే, ఈ వారంలోనే, కాకినాడ వెళ్ళండి. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడ ఉంటారు. ముందు అమ్మగారికి చెప్పండి, ఆవిడ నోటి ద్వారా మావయ్యకు కబురు పంపకండి. "మా ఆవిడ ఒప్పుకోవడం లేదు" అని మాత్రం పొరపాటున కూడా అనవద్దు. మన మగవాళ్ళు ఈ సాకును తాతల నాటి నుంచి వాడుతున్నారు, దాని బాకీ ఆ ఇల్లాలు ప్రతి పెళ్ళిలోనూ ప్రతి పేరంటంలోనూ తీరుస్తూనే ఉంటుంది. బ్యాంకు రూల్సు అడ్డం వచ్చాయనీ అనవద్దు, బావ రెండో రోజుకే కనుక్కుంటాడు. "మావయ్యా, నా ఫీజు మీరు కట్టిన సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. సంతకం మాత్రం పెట్టలేను. పెడితే, అప్పు వాయిదా తప్పినరోజున మీ కొడుకు ముఖం చూడలేని స్థితి నాకు వస్తుంది, ఆ స్థితి నాకు వద్దు." ఇంతే చెప్పండి. ఆ తర్వాత ఆయన ఏమన్నా వినండి, సమాధానం చెప్పకండి. కోప్పడితే కోప్పడనివ్వండి.

వట్టి చేతులతో వెళ్ళమని అనడం లేదు. తిరిగి రాకపోయినా మీరిద్దరూ బాధపడకుండా ఎంత ఇవ్వగలరో నిర్ణయించుకుని, లక్ష అయితే లక్ష, యాభై వేలయితే యాభై వేలు, బావ చేతిలో పెట్టండి. ఫీజు తిరిగి ఇస్తున్నానని అనకండి, అది మావయ్యను అవమానించడమే. "వ్యాపారం మొదలుపెడుతున్నావు, నా వంతు ఉంచు" అంటే సరిపోతుంది. ఇంకొకటి, డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చేది ఉంది. చిన్న వ్యాపారాలకు మూడో మనిషి హామీ లేకుండా అప్పు దొరకడానికి కేంద్ర ప్రభుత్వమూ, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు అయిన సిడ్బీ కలిసి 2000లో పెట్టిన పరపతి హామీ నిధి ఒకటి ఉంది, 2015 నుంచి ముద్ర పథకం కూడా ఉంది. ఆ దారిలో దరఖాస్తు చేశాడో లేదో బావను అడగండి. చేయకపోతే సోమవారం సెలవు పెట్టి అతని వెంట బ్యాంకుకు వెళ్ళి, కాగితాలు చదివి, ప్రశ్నలు అడిగి రండి. మావయ్య కట్టించిన చదువు అందుకు పనికొస్తుంది.

అయితే ఇవన్నీ శుక్రవారం నుంచి మొదలయ్యే పనులు. గురువారం రాత్రి, పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, ఈ విషయంలో తన మనసులో ఏముందో మీ ఆవిడను అడగండి. అడిగాక, ఆవిడ చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.